పాత పంప్ షాట్‌గన్‌కి కొత్త పార్టు: ఏది పడుతుంది, ఏది పట్టినా వద్దు

మా బావమరిది డాలస్ దగ్గర ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి వాడు ఎస్టేట్ సేల్‌లో కొన్న పాత రెమింగ్టన్ 870 వింగ్‌మాస్టర్. పంప్ షాట్‌గన్, అంటే ముందు పట్టుని (పంపుని) వెనక్కీ ముందుకీ లాగితే తూటా మారేది. వాల్‌నట్ కర్ర, అద్దంలా మెరిసే నల్లటి నీలం పాలిష్, ఎవరో పెద్దాయన ముప్పై నలభై ఏళ్లు నూనె గుడ్డతో తుడిచి దాచుకున్నట్టుంది. రెండోది గన్ షోలో ఎవరో అమ్ముతున్న కొత్త బ్యారెల్, అంటే తుపాకి గొట్టం. కింద ఒకే లైను: "బావా, ఇది నా దానికి పడుతుందా?"

పడుతుంది. కానీ అంతమాత్రాన అందులో ఏ తూటా అయినా వేసి కాల్చొచ్చని కాదు. పంప్ షాట్‌గన్‌ల విషయంలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పార్టు ఎక్కిందా లేదా అన్నదొక్కటే చూస్తారు. బ్యారెల్ క్లిక్‌మని కూర్చుంటే సంబరపడిపోతారు. ఎక్కడం వేరు, కుదరడం వేరు. వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పిన సంగతులే ఇక్కడ కాస్త వరసలో పెడుతున్నాను. పాతది కొనాలా, కొత్తది కొనాలా, పాతదాన్ని కొత్త పార్టులతో నిలబెట్టుకోవాలా అని తేల్చుకోలేక ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది: కాల్చే క్షణంలో బోల్ట్ ఎక్కడ లాక్ అవుతోంది?

తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడిని వెనక ఆపేది బోల్ట్. తూటా అడుగుకీ బోల్ట్ ముఖానికీ మధ్య ఉండే ఖాళీని హెడ్‌స్పేస్ అంటారు. అది ఎక్కువైతే తూటా అడుగు చీలొచ్చు, తక్కువైతే బోల్ట్ మూతపడదు. రెమింగ్టన్ 870లో బోల్ట్ మీదకి లేచే లాకింగ్ బ్లాకు బ్యారెల్ వెనక పొడుచుకొచ్చిన భాగంలోనే పట్టుకుంటుంది. అంటే బ్యారెల్, బోల్ట్ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే గన్ నడిమి పెట్టె) మీద ఆ బరువు పడదు. మాస్‌బర్గ్ 500 కూడా ఇంతే. అందుకే దాని రిసీవర్ అల్యూమినియంతో చేసినా ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి గన్‌లలో బ్యారెల్ మార్చడం రెండు నిమిషాల పని. ముందు మూత గానీ స్క్రూ గానీ విప్పడం, పాతది లాగడం, కొత్తది పెట్టడం.

వించెస్టర్ మోడల్ 12, ఇథాకా 37 అలా కాదు. వాటిలో బోల్ట్ రిసీవర్‌లోనే లాక్ అవుతుంది. బ్యారెల్ మారిస్తే హెడ్‌స్పేస్ మారిపోతుంది. రెండు గన్‌లూ ఒకే పేరువైనా, ఒకే ఏడాదివైనా, ఒకదాని బ్యారెల్ ఇంకోదానికి సరిపోతుందన్న భరోసా లేదు. వాటిని ఫ్యాక్టరీలో ఒక్కోదాన్నీ విడిగా కుదిర్చేవాళ్లు. మన ఊళ్లలో పాత ఇళ్లలో ఉండే జోడు గొట్టాల తుపాకులు గుర్తున్నాయా? వాటి గొట్టాలు పోతే ఇంకో గొట్టాలు తెచ్చి పెట్టడమనే మాటే ఉండదు. మోడల్ 12 పైకి ఆధునికంగా కనిపిస్తుంది కానీ ఈ విషయంలో ఆ తరానికే దగ్గర.

ఇక 870 సంగతి. దీని గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 1950లో మొదలైంది, ఇప్పటికి కోటి దాటి తయారయ్యాయి. అంత పెద్ద సంఖ్యలో, అన్నేళ్లపాటు ఒకే పేరుతో వచ్చింది కాబట్టి "870 పార్టు" అనగానే అన్నిటికీ పడుతుందనే భ్రమ కలుగుతుంది. పేరు ఒకటే, లోపల తరాలు వేరు.

మొదట చూడాల్సింది చాంబర్ పొడవు. చాంబర్ అంటే బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే గది. మొదట్లో వచ్చిన 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) 870లు 2¾ అంగుళాల తూటాలకి. తరవాత 3 అంగుళాల మాగ్నమ్ వచ్చింది. 1998లో 3½ అంగుళాల సూపర్ మాగ్నమ్ వచ్చింది. రిసీవర్ మీద సీరియల్ నంబరు చివరి అక్షరం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 12 గేజ్‌లో వి ఉంటే 2¾, ఎమ్ ఉంటే 3, ఏ ఉంటే 3½. బ్యారెల్ చాంబర్ పొడవు బ్యారెల్ మీదే చెక్కి ఉంటుంది.

2¾ రిసీవర్‌కి 3 అంగుళాల చాంబర్ ఉన్న బ్యారెల్ బ్రహ్మాండంగా ఎక్కుతుంది. కానీ వేయాల్సింది 2¾ తూటాలే. రిసీవర్ లోపలి ఎజెక్టర్ ఆ పొడవుకే కుదిర్చింది, 3 అంగుళాల ఖాళీ తూటాని అది సరిగ్గా బయటికి తన్నలేదు. తిరగేస్తే, 3 అంగుళాల రిసీవర్‌కి పాత 2¾ బ్యారెల్ ఎక్కుతుంది, అప్పుడూ 2¾ తూటాలే వేయాలి. రిసీవర్ మీదొక అంకె, బ్యారెల్ మీదొక అంకె ఉన్నాయంటే అందులో చిన్నదే మీ గన్ అంకె.

ఈ రెండో సందర్భమే అసలు ప్రమాదం. "3 అంగుళాల తూటా 2¾ చాంబర్‌లో అసలు దూరదు కదా, దూరకపోతే తెలిసిపోతుంది కదా" అనుకుంటాం. దూరుతుంది. షాట్‌గన్ తూటాకి పెట్టే కొలత పేల్చాక మూతి విచ్చుకున్న తరవాతి పొడవు. మూతి మడిచి ఉన్న కొత్త తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది. కాబట్టి 3 అంగుళాల తూటా పొట్టి చాంబర్‌లోకి నవ్వుతూ వెళ్లి కూర్చుంటుంది, బోల్ట్ మూతపడుతుంది. పేల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక, చాంబర్ ముందు సన్నబడే చోట అడ్డుపడుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గన్ పైకి ఏమీ చెప్పదు. అందుకే రిసీవర్‌కి, బ్యారెల్‌కి అంకెలు వేరుగా ఉంటే కర్ర మీద చిన్న కాగితం అంటించి అంకె రాసిపెట్టుకోమని మా బావమరిదికి చెప్పాను. మొదట నవ్వాడు, తరవాత అంటించాడు.

వి రిసీవర్‌ని 3 అంగుళాలకి మార్పించుకోవచ్చా అని అడుగుతారు. 870లో ఎజెక్టర్‌ని రిసీవర్ గోడకి రివెట్లు కొట్టి, అతికించి బిగిస్తారు. దాన్ని తీసి పొడవుకి తగ్గది పెట్టడం గన్‌స్మిత్ పని, ఇంట్లో టేబుల్ మీద చేసేది కాదు. దానికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపితే ఎమ్ రిసీవర్ ఉన్న గన్నే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. నా ఓటు దానికే.

రెండో పెద్ద తేడా తిప్పి పట్టుకుంటే కనిపిస్తుంది. గన్‌ని ఖాళీ చేసి, ఖాళీ అయిందని కళ్లతోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకుని, బోర్లా తిప్పండి. తూటాలు లోపలికి తోసే చోట అడ్డంగా ఒక రేకు పలక ఉంటుంది. అది క్యారియర్, తూటాని చాంబర్ ఎత్తుకి లేపేది. పాత 870లలో అది నిండు పలక. 1980ల మధ్య నుంచి వచ్చినవాటిలో దాని మధ్య ఇంగ్లిష్ యు ఆకారంలో కోత ఉంటుంది. దీన్ని ఫ్లెక్సీట్యాబ్ అంటారు.

ఆ కోత అందానికి పెట్టలేదు. తూటాని ట్యూబ్‌లోకి (తూటాలు వరసగా నిలవుండే మ్యాగజైన్ గొట్టంలోకి) తోసేటప్పుడు చివరి వరకూ, లాచ్ పట్టుకున్న చప్పుడు వచ్చేదాకా తోయకపోతే అది మెల్లగా వెనక్కి జారి బోల్ట్‌కీ క్యారియర్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. పాత నిండు పలక ఉన్న గన్‌లో అప్పుడు పంపు కదలదు, తూటా అందదు, లోపల ఇంకా పేలని తూటాతో గన్ బిగుసుకుపోతుంది. కొత్తదాంట్లో ఆ నాలుక కాస్త వంగి చోటిస్తుంది, పంపు గట్టిగా వెనక్కి లాగితే విడిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లకి ఈ ఇరుకు అరుదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, చలిలో గ్లవ్స్ వేసుకుని తూటాలు నింపేవాళ్లకి జరుగుతుంది.

సరే, పాత గన్‌కి కొత్త క్యారియర్ కొని పెట్టేస్తే పోలా? పోదు. ఫ్లెక్సీట్యాబ్ ఒక పార్టు కాదు, ఒక జట్టు. క్యారియర్, బోల్ట్ కింద జరిగే స్లైడ్, బోల్ట్: ఈ మూడిటిలోనూ ఆ నాలుక కోసం కోతలున్నాయి. మారిస్తే మూడూ కలిపి మార్చాలి. బోల్ట్ మారింది కాబట్టి హెడ్‌స్పేస్ కూడా చూపించుకోవాలి.

ఇందులో ఒక దొంగ గుంట ఉంది. 870లో క్యారియర్ ఉండేది ట్రిగ్గర్ గ్రూపు మీద. రెండు పిన్నులు తోస్తే ట్రిగ్గర్ గార్డు, క్యారియర్ అన్నీ కలిసి ఒక ముద్దలా ఊడొస్తాయి. ఎవరైనా "ట్రిగ్గర్ గ్రూపు బాగుంది, చౌకగా ఇస్తా" అంటే కొని, పాత గన్‌లో పెట్టి, అదే పిన్నులతో బిగిస్తారు. చక్కగా పడుతుంది. కానీ దాంతోపాటు కొత్త తరం క్యారియర్ పాత తరం స్లైడ్ పక్కన చేరింది. కొన్నవాడికి తాను ట్రిగ్గర్ మార్చానని తెలుసు, క్యారియర్ కూడా మార్చానని తెలియదు. సెకండ్ హ్యాండ్ 870 కొనేటప్పుడు క్యారియర్‌లో కోత ఉందా, స్లైడ్‌లో దానికి జోడీ ఉందా అని రెండూ చూడమని చెప్పేది ఇందుకే. ఒకటుండి ఒకటి లేకపోతే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టారని అర్థం.

ఇప్పటిదాకా పాత గన్‌కి కొత్త పార్టు గురించి చెప్పాను. ఎదురు దారి కూడా ఉంది, కొత్త గన్‌కి పాతకాలపు పార్టు. 1987లో ఎక్స్‌ప్రెస్ అనే చౌక రకం వచ్చింది. మెరుపు పాలిష్ బదులు గరుకు మ్యాట్ పూత, వాల్‌నట్ బదులు మామూలు కర్ర. పనిలో అన్న వింగ్‌మాస్టర్ లాంటిదే, ఒంటి మీద బట్టలే వేరు. ఆ గరుకు పూతకి నూనె చూపించకపోతే తుప్పు తొందరగా పడుతుందని అందరికీ తెలిసిందే. తరవాతి ఏళ్లలో తూటాని చాంబర్ నుంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌ని లోహపు పొడిని అచ్చులో పోసి కాల్చే పద్ధతిలో చేయడం మొదలుపెట్టారు. చాలామంది దాన్ని తీసేసి, పాతకాలంలోలా ఉక్కు ముక్కని చెక్కి చేసినది పెట్టుకుంటారు. ఇది రెండు తరాలకీ ఒకటే కొలత, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కొత్త 870 మీద ఒక్క మార్పే చేసుకోమంటే నేను చెప్పేది ఇదే. స్ప్రింగు ఎగిరి సోఫా కిందకి పోకుండా చూసుకోండి, అంతే.

అలాగే కొన్నేళ్లపాటు వచ్చిన 870లలో సేఫ్టీ బటన్ మీద చిన్న తాళంచెవి రంధ్రం ఉండేది. ఆ తాళం నచ్చనివాళ్లు మామూలు సేఫ్టీ వేయించుకుంటారు, అదీ కుదిరే మార్పే. మ్యాగజైన్ ట్యూబ్ మాత్రం అలా కాదు. ఎక్స్‌ప్రెస్ ట్యూబ్ ముందు భాగంలో లోపలికి నొక్కిన రెండు గుంటలుంటాయి, లోపలి స్ప్రింగుని ఆపే ప్లాస్టిక్ ముక్కని పట్టి ఉంచడానికి. పాత వింగ్‌మాస్టర్ కోసం చేసిన ముందు పార్టులు, పొడిగింపులు వీటికి అడ్డం తగులుతాయి. గుంటల్ని తీసేయడం గురించి నెట్‌లో సుత్తులు, సాకెట్లు పట్టుకున్న వీడియోలు బోలెడు. నేనైతే ఆ జోలికి పోను.

కర్ర, ప్లాస్టిక్ సామాను గురించి ఒక ముక్క చాలు. 12 గేజ్‌లో వెనక స్టాక్ పాతా కొత్తా ఇటూ అటూ పడుతుంది. ముందు పట్టుకునే ఫోరెండ్ కొనేముందు లోపలి ఇనుప గొట్టం పొడవు కొలవండి, అవి ఒకే పొడవున రాలేదు. 20 గేజ్ అయితే ఇంకో చిక్కు: మొదట్లో 20 గేజ్ 870ని 12 గేజ్ అంత పెద్ద రిసీవర్ మీదే చేసేవాళ్లు, 1972 నుంచి చిన్న తేలికపాటి రిసీవర్ వచ్చింది. ఆ రెండిటి బ్యారెల్స్ ఒకదానికొకటి పడవు. ఎడమచేతి 870ల బ్యారెల్ కూడా కుడిచేతి వాటికి పనికిరాదు.

ఇక మా బావమరిది అసలు ప్రశ్న. వాడి గన్ మీదున్న పాత బ్యారెల్ 28 అంగుళాలు, ఫుల్ చోక్. అంటే మూతి దగ్గర బాగా బిగుతు. అది మార్చడానికి వీల్లేని స్థిర చోక్. ఆ రోజుల్లో సీసం గుండ్లు వేసేవాళ్లు కాబట్టి అదే బంగారం. కానీ అమెరికాలో బాతులు, హంసబాతుల వేటకి 1991 నుంచి దేశమంతటా సీసం నిషేధం. బదులుగా వాడేది ఎక్కువగా స్టీల్ గుండ్లు. సీసం మెత్తన, బిగుతు మూతిలో నలిగి సర్దుకుని బయటికొస్తుంది. స్టీల్ సర్దుకోదు. పాత ఫుల్ చోక్ బ్యారెల్‌లో స్టీల్ కొడుతూ పోతే మూతి దగ్గర ఉబ్బొచ్చు. అది తూటా పొడవుతో సంబంధం లేని ఇంకో కుదరకపోవడం. గన్, బ్యారెల్, చాంబర్ అన్నీ ఒకదానికొకటి సరిపోయి, లోపల వేసే సరుకు మాత్రం సరిపోదు.

1986లో రెమ్ చోక్ వచ్చింది. బ్యారెల్ మూతిలో మరలు, అందులో మనకి కావాల్సిన చోక్ గొట్టాన్ని తిప్పి బిగించుకోవచ్చు. స్టీల్‌కి వదులు చోక్, గురి కోసం గాల్లోకి ఎగరేసే మట్టి పళ్లాలకి ఒకటి, దూరానికి ఒకటి. పాత వింగ్‌మాస్టర్‌కి కొత్త రెమ్ చోక్ బ్యారెల్ పెట్టడం నాకు తెలిసిన పార్టుల మార్పిడిలో అన్నిటికంటే అర్థమున్నది. వాడు చూసింది అదే, 3 అంగుళాల చాంబర్ ఉన్న రెమ్ చోక్ బ్యారెల్. వాడి రిసీవర్ వి కాబట్టి 2¾ తూటాలే. స్టీల్ కొట్టాలన్నా 2¾లో దొరుకుతాయి. మ్యాట్ పూత బ్యారెల్‌ని ఆ మెరిసే రిసీవర్ మీద పెడితే పట్టుపంచె మీద బనీను వేసుకున్నట్టుంటుంది, అది వేరే సంగతి.

చోక్ గొట్టాలు కొనేటప్పుడు ఒక హెచ్చరిక. రెమ్ చోక్ మరలు వేరు, వించెస్టర్ వించోక్, మాస్‌బర్గ్ 500 అక్యూచోక్ మరలు వేరు. ఆ తరవాతి రెండూ ఒకదానికొకటి పడతాయి, రెమ్ చోక్ వాటిలో పడదు. సగం తిరిగి ఆగిపోయిన చోక్‌ని బలవంతంగా తిప్పకండి.

బ్యారెల్ వయసు ఎలా తెలుస్తుందని కూడా అడిగాడు. రెమింగ్టన్ బ్యారెల్ ఎడమ పక్కన, రిసీవర్ దగ్గర, చిన్న అక్షరాలుంటాయి. మొదటిది నెల. జనవరి నుంచి డిసెంబరు దాకా బి, ఎల్, ఏ, సి, కె, పి, ఓ, డబ్ల్యూ, డి, ఇ, ఆర్, ఎక్స్. కలిపి చదివితే బ్లాక్‌పౌడర్ అనే మాట, చివర ఒక ఎక్స్. బ్లాక్‌పౌడర్ అంటే పాతకాలపు తుపాకి మందు, గన్‌లు చేసేవాళ్ల సరదా. తరవాతి అక్షరం ఏడాది, కానీ ఆ అక్షరాలు మళ్లీ మళ్లీ తిరిగి వాడారు కాబట్టి మిగతా గుర్తులతో కలిపి చూడాలి. ఇంకో సంగతి, ఇది బ్యారెల్ పుట్టినరోజు, గన్‌ది కాదు. బ్యారెల్స్ సులువుగా మారే గన్ కాబట్టి రిసీవర్ ఒక దశాబ్దంది, బ్యారెల్ ఇంకో దశాబ్దంది అయి ఉండొచ్చు. "1965 గన్, అంతా ఒరిజినల్" అని ఎవరైనా ధర పెంచితే ఈ అక్షరాలు చూడండి.

మాస్‌బర్గ్ 500కి వద్దాం. 1960ల మొదట్లో వచ్చింది. మొదట్లో దానికి పంపుని బోల్ట్‌తో కలిపే కడ్డీ ఒక్కటే. రెమింగ్టన్ జంట కడ్డీల పేటెంట్ గడువు తీరాక 1970లో మాస్‌బర్గ్ కూడా రెండు కడ్డీలకి మారింది. ఒంటి కడ్డీ గన్ దొరికితే ముచ్చటపడి కొనుక్కోండి, కానీ పంపు భాగం విరిగితే ఈ కాలం పార్టు దానికి పడదు. ఆ తరం పార్టులు పాత గన్‌లు విప్పి అమ్మేవాళ్ల దగ్గరే వెతుక్కోవాలి. వాడుకోవడానికైతే రెండు కడ్డీలది తీసుకోండి. తరవాత క్యారియర్ విషయంలో మాస్‌బర్గ్ కూడా రెమింగ్టన్ దారే పట్టింది, నిండు పలక నుంచి కోత ఉన్న పలకకి. జట్టు సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

మాస్‌బర్గ్‌లో నాకు నచ్చేది మరమ్మతు సులువు. 870లో రివెట్లు కొట్టిన ఎజెక్టర్, ఇక్కడ ఒక్క స్క్రూతో ఊడొస్తుంది. తూటాల్ని ఆపే లాచ్‌లు 870లో రిసీవర్‌కి కొట్టి బిగించి ఉంటాయి, ఇక్కడ విడిగా ఉంటాయి, ట్రిగ్గర్ గ్రూపు తీయగానే చేతిలోకి రాలతాయి. మొదటిసారి విప్పినవాడికి అవి ఎటు పెట్టాలో తెలియక టెన్షన్ వస్తుంది, రెండోసారికి అలవాటైపోతుంది. ఊరికి దూరంగా, గన్‌స్మిత్ గంటన్నర డ్రైవ్‌లో ఉండే చోట బతికేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

కానీ బ్యారెల్ విషయంలో మాస్‌బర్గ్‌కి తన సొంత మెలిక ఉంది: అడగాల్సింది గేజ్ ఒక్కటే కాదు, మ్యాగజైన్ ట్యూబ్ పొడవు కూడా. 500లో ట్యూబ్ ముందు మూసి ఉంటుంది, బ్యారెల్ కింద ఉన్న స్క్రూ వెళ్లి దాంట్లో బిగుసుకుంటుంది. ఆరు తూటాల 500కి 18½ నుంచి 28 అంగుళాల దాకా రకరకాల బ్యారెల్స్ పడతాయి. ఎనిమిది తూటాల పొడుగు ట్యూబ్ ఉన్నదానికి అవేవీ పడవు, స్క్రూ చేరే చోటే వేరు. 590 ఇంకో రకం. అది 500 తమ్ముడే కానీ ట్యూబ్ ముందు తెరిచి, 870లా మూత బిగించేది. "రెండూ మాస్‌బర్గే కదా" అని 500 బ్యారెల్ని 590కి కొని తిరిగి పంపినవాళ్లు చాలామంది. చౌకగా వచ్చే మావెరిక్ 88 కూడా ఇదే కుటుంబం. తూటాల సంఖ్య ఒకటే అయితే 500 బ్యారెల్ దానికి పడుతుంది. ట్రిగ్గర్ గ్రూపులు మాత్రం కలపకండి. 500లో సేఫ్టీ రిసీవర్ పైన బొటనవేలు కింద ఉంటుంది, మావెరిక్‌లో ట్రిగ్గర్ దగ్గర అడ్డంగా.

ఆ పైనున్న సేఫ్టీ వల్ల ఎడమచేతి వాటం వాళ్లకి 500 బాగుంటుంది. ఎడమచేతివాళ్లు దానికోసమే ప్రత్యేకమైన గన్ వెతుక్కోనక్కర్లేదు.

మోడల్ 12, ఇథాకా 37 గురించి ముందే సూత్రం చెప్పాను. మోడల్ 12 1912 నాటిది. అందులో 1930ల మొదటివరకూ వచ్చిన 16 గేజ్ గన్‌ల చాంబర్ 2¾ కాదు, 2 9/16 అంగుళాలే. ఇవాళ షాపులో దొరికే 16 గేజ్ తూటా దానికి పొడుగు. ఎవరైనా తాతల కాలం 16 గేజ్ ఇస్తే కొలిపించకుండా కాల్చకండి. ఇథాకా 37కి ఒక గీత ఉంది: సీరియల్ నంబరు 855,000 లోపున్నవాటికి బ్యారెల్ మార్చాలంటే గన్‌స్మిత్ కుదర్చాలి. ఆ పైవి ఫ్యాక్టరీ నుంచే మార్చుకోవడానికి వీలుగా వచ్చాయి. వించెస్టర్ పేరుతో ఇప్పుడు టర్కీలో తయారై వచ్చే ఎస్ఎక్స్‌పి చూడటానికి పాత 1300కి వారసుడిలా ఉన్నా, 1300 బ్యారెల్ దానికి పెట్టుకోవచ్చనే ఆశతో కొనకండి.

ఇప్పుడు ఎవరికి ఏది?

మట్టి పళ్లాలు కొట్టడానికి, సెప్టెంబరులో టెక్సాస్ పావురాల సీజన్‌కి అయితే పాత వింగ్‌మాస్టర్, 2¾ అయినా సరే, కళ్లు మూసుకుని తీసుకోండి. ఆ పనికి 3 అంగుళాల తూటా అక్కర్లేదు, భుజం కూడా సంతోషిస్తుంది. ఆ జారుడు, ఆ పాలిష్ ఇప్పటి చౌక గన్‌లలో రావు. లోపలి జట్టు ఏ తరందైతే ఆ తరందే ఉంచండి, ఫ్లెక్సీట్యాబ్ కోసం మార్చకండి. దాని బదులు తూటా చివరిదాకా తోయడం నేర్చుకుంటే ఖర్చు లేదు. వలస పక్షుల వేటలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకుండా ట్యూబ్‌లో ప్లగ్గు ఉండాలి, పాత గన్‌లో ఎవరో తీసేసి ఉంటే ముందు అది చూసుకోండి.

బాతుల వేటే ముఖ్యమనుకుంటే, 3 అంగుళాల స్టీల్ కావాలనుకుంటే, ఎమ్ రిసీవర్, రెమ్ చోక్ బ్యారెల్ ఉన్న 870 గానీ, రెండు కడ్డీల మాస్‌బర్గ్ 500 గానీ. వర్షంలో, బురదలో తిరిగే గన్‌కి మెరుపు పాలిష్ మీద జాలిపడటం నా వల్ల కాదు, అందుకే ఇక్కడ నేను మాస్‌బర్గ్ వైపే మొగ్గుతాను. 3½ అంగుళాల సూపర్ మాగ్నమ్ ఎవరికి అవసరమో వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది. తెలియకపోతే అవసరం లేదనే.

సరికొత్తది కావాలంటే ఒక సంగతి తెలిసి ఉండాలి. రెమింగ్టన్ 2018లో, మళ్లీ 2020లో దివాలా తీసింది. ఇప్పుడు కొత్త యాజమాన్యం కింద రెమ్‌ఆర్మ్స్ పేరుతో 870 చేస్తున్నారు. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని పాత ఫ్యాక్టరీ 2024లో మూతపడింది, పని జార్జియాకి మారింది. ఎక్స్‌ప్రెస్ పోయి దాని స్థానంలో ఫీల్డ్‌మాస్టర్ వచ్చింది. అయినా కోటికి పైగా గన్‌లు జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టి 870 పార్టులకి కరువు రాదు. ఏ తరానిదో సరిగ్గా చూసి కొనడమే మన పని.

కాగితాల సంగతి వదిలేస్తే తప్పవుతుంది. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో గన్ అంటే రిసీవర్. అది డీలర్ దగ్గర కొంటే 4473 ఫారం నింపాలి. బ్యారెల్, స్టాక్ లాంటివి ఆ లెక్కలోకి రావు, రాష్ట్రాల నిబంధనలు మాత్రం వేరుగా ఉండొచ్చు. బ్యారెల్ మార్చేటప్పుడు 18 అంగుళాల కంటే పొట్టిది, మొత్తం గన్ 26 అంగుళాల కంటే పొట్టిగా అయ్యేది ఏదీ పెట్టకండి, 1934 నుంచి దానికి వేరే చట్టం ఉంది. మనవాళ్లకి ఇంకో ముఖ్యమైన మాట: హెచ్1బి లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు మామూలుగా గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రపు వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ ఇబ్బంది లేదు. మీ వీసా సంగతిలో అనుమానముంటే గన్ షాపువాడిని కాదు, లాయర్‌ని అడగండి.

ఏ పార్టు మార్చినా మొదట డమ్మీ తూటాలతో పది పదిహేను సార్లు పంపు ఆడించి చూడండి. ఎత్తుతోందా, మూతపడుతోందా, బయటికి తన్నుతోందా. బోల్ట్ మారితే, లేదా బోల్ట్ రిసీవర్‌లో లాక్ అయ్యే గన్‌కి బ్యారెల్ మారితే, హెడ్‌స్పేస్ కొలిచే పరికరం ఉన్న గన్‌స్మిత్ చూసేదాకా అసలు తూటా వేయకండి.

మా బావమరిది ఆ బ్యారెల్ కొన్నాడు. పాత ఫుల్ చోక్ బ్యారెల్‌ని అమ్మేస్తానంటే వద్దన్నాను. నూనె రాసి, పాత కాటన్ పంచె ముక్కలో చుట్టి, బీరువా పైన పెట్టాడు. పళ్లాలు దూరంగా ఎగిరే రోజున సీసం తూటాలతో దాన్నే ఎక్కిస్తాడు. కర్ర మీద "2¾" అని రాసిన కాగితం ఇప్పటికే ఒకసారి ఊడిపోతే మళ్లీ అంటించాడు.